చొక్కా చేతుల ఏనుగులు

గుండీలన్న అసలు పేరు ఆ దుకాణంలో జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. పెద్ద రెడీమేడ్ బట్టల దుకాణం అది. పై అంతస్తుల్లో అద్దాలు, దీపాలు, పాటలు. కింద నేలమాళిగలో, అట్టపెట్టెల వరసల వెనక, ఆయన కుట్టుమిషను. పైన జనం మోజుపడి కొన్నవి ఒంటికి సరిపోకపోతే కిందికి, ఆయన దగ్గరికి వచ్చేవి. పొడుగైన ప్యాంటుకు అంచు మడిచేవాడు. బిగుసుకున్న నడుము వదులు చేసేవాడు. గుండీ ఊడితే కుట్టిచ్చేవాడు. ఆ పనికి మాత్రం ఎవరి దగ్గరా పైసా తీసుకునేవాడు కాదు. అలా వచ్చింది ఆ పేరు.

“ఒంటికీ బట్టకీ ఎప్పుడూ పడదు. రాజీ కుదర్చడం నా పని” అని ఒకసారి ఎవరితోనో అన్నాడు. ఆ మాట దుకాణమంతా పాకింది. ఆయన నోటి వెంట మాట రావడమే అరుదు మరి. ఇంట్లోనూ అంతే. భార్య బేకరీ కౌంటర్లో రోజంతా నిలబడి వచ్చేది. వచ్చీ రాగానే చెప్పులు విప్పుతూ ఇద్దరి వంతు మాటలూ తనే మాట్లాడేది. “గోడతో కాపురం చేస్తున్నాను. కాకపోతే నా గోడకి గుండీలు కుట్టడం వచ్చు” అని నవ్వేది. పిల్లలు లేరు. ఆ సంగతి మాట్లాడుకోవడం ఇద్దరూ ఏనాడో మానేశారు.

ఎదురు వాటాలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఉండేవాడు. భార్య, అప్పుడే బడికి వెళ్లడం మొదలుపెట్టిన కూతురు. ఒకరోజు పనికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. లిఫ్టు పాడైన మేడకి, దాన్ని బాగు చెయ్యడానికే, సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే గుండె ఆగిపోయింది.

ఆ తర్వాత పాప తండ్రి చొక్కా ఒకటి పట్టుకుని వదల్లేదు. నీలం గళ్ల చొక్కా. ఉతకనివ్వదు, దాచనివ్వదు. మెట్ల మీద ఈడ్చుకుంటూ దిగుతుంది, అన్నం తినేటప్పుడు ఒళ్లో పెట్టుకుంటుంది. తల్లి చివరికి ఒక సాయంత్రం పాపని వెంటబెట్టుకుని గుండీలన్న గుమ్మంలోకి వచ్చింది.

“అన్నయ్యా, దీన్ని చూస్తుంటే నాకు భయమేస్తోంది. రాత్రంతా ఆ చొక్కా మెడకి చుట్టుకుని పడుకుంటోంది. మీరేమైనా చెయ్యగలరా?”

ఆయన వంగి చొక్కా ఒక చెయ్యి పట్టుకున్నాడు. పాప ఇంకో చెయ్యి వదల్లేదు.

“నేను దీన్ని బాగుచేసి ఇస్తాను. మళ్లీ నీకే ఇస్తాను” అన్నాడు.

“చెయ్యి కొయ్యొద్దు మావయ్యా.”

“కొయ్యను.”

ఇచ్చిన మాట కోసం పుట్టింది ఆ ఏనుగు. చెయ్యి కొయ్యకుండా ఏ బొమ్మ కుదురుతుందా అని ఆలోచిస్తే తొండమున్న జంతువు ఒక్కటే తట్టింది. వీపు భాగంతో పొట్ట కుట్టాడు. కాలరు చీల్చి చెవులు చేశాడు. జేబును పక్కనే, జేబులాగే ఉంచాడు. రెండు గుండీలు కళ్లయ్యాయి. ఒక చెయ్యి తొండం, రెండోది వెనక తోక. లోపల దూది కూరాడు, తొండంలో మాత్రం కూరలేదు. చొక్కా చెయ్యి చొక్కా చెయ్యిలాగే, మణికట్టు దగ్గర గుండీతో సహా వేలాడుతోంది. ఆ గుండీ విప్పితే పాప తన చెయ్యి లోపలికి పెట్టుకోవచ్చు. పాప అదే చేసింది. మోచేతి దాకా పెట్టి, అలాగే నిలబడి, తల్లి వైపు చూసింది. ఆ రాత్రి నిద్రపోయింది.

తల్లి ఆ మాట చెప్పని మనిషి లేడు. విన్నవాళ్లలో గుండీలన్న మరదలు, అంటే భార్య చెల్లెలు, ఒకతి. రెండు వీధుల అవతల ఉంటుంది. ఒక ఫోన్ల కంపెనీలో కస్టమర్ల ఫిర్యాదులకు జవాబులు టైపు చేసే ఉద్యోగం. అక్కలాగే వాగుడుకాయ, కాకపోతే రెండాకులు ఎక్కువే చదివింది. ఏనుగును అటూ ఇటూ తిప్పి ఫోనుతో ఫొటోలు తీసింది.

“బావా, నువ్వు బంగారం లాంటి చేతులు పెట్టుకుని ప్యాంట్లకి పాదసేవ చేస్తున్నావు. దీన్ని ఆన్‌లైన్‌లో పెడదాం.”

“ఇది అమ్మే వస్తువు కాదు.”

“నువ్వు అమ్మేది కుట్టుపని. బట్ట వాళ్లదే కదా. వాళ్లు పంపుతారు, నువ్వు కుట్టి పంపుతావు. అంతే.”

ఆయన ఔననలేదు, కాదనలేదు. మౌనం అర్ధాంగీకారం అని మరదలే తీర్మానించేసింది. దేశమంతా వాడే ఒక పెద్ద బజారు సైటులో దుకాణం తెరిచింది. వివరాలు తనే రాసింది: మీకు కావలసినవారి చొక్కా పంపండి, చెయ్యి కొయ్యకుండా ఏనుగుబొమ్మ కుట్టి ఇస్తాం. ఆయన ఒక్క మాట మాత్రం చేర్చమన్నాడు. ఉతక్కుండా పంపమని.

మొదట్లో ఎప్పుడో ఒకటి వచ్చేది. తర్వాత వారానికి రెండు మూడు. దుకాణం నుంచి ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, మిషను ముందు కూర్చునేవాడు. ఆదివారాలు పూర్తిగా దానికే. ఒకరు వంటమనిషి చొక్కా పంపారు, పసుపు మరకలతో. ఒకరు ఫుట్‌బాల్ జెర్సీ పంపారు. చిన్న సైజు, పదేళ్ల పిల్లాడిది. దాన్ని చాలాసేపు బల్ల మీదే ఉంచి, కత్తెర తీసుకోకుండా, టీ తాగి వచ్చి, మళ్లీ కూర్చున్నాడు. నేలమాళిగలో ఆయన దగ్గరికి వచ్చినవన్నీ ఎవరూ తొడుక్కోని కొత్త బట్టలు. ఇవి మనుషుల్ని మోసి వచ్చినవి. ఏ మోచెయ్యి బల్లకి ఆనేదో, ఎవరు తలుపు భుజంతో తోసేవారో, ఎవరికి కుడి జేబులో తాళాలు పెట్టుకునే అలవాటో ఆ బట్ట మీద కనిపించేది. కుట్టేటప్పుడు భార్యతో అప్పుడప్పుడూ చెప్పేవాడు. “ఈయన ఎప్పుడూ పై గుండీ పెట్టుకోలేదు. కాజా కొత్తగానే ఉంది చూడు.” గోడకి మాటలొచ్చాయని భార్య చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది.

అందుకున్నవాళ్లు సైటులో అయిదేసి స్టార్లు ఇచ్చేవారు, కింద నాలుగు మాటలు రాసేవారు. “మా నాన్న చెయ్యి మళ్లీ దొరికింది.” “అమ్మ భుజం మీద తల పెట్టుకున్నట్టే ఉంది.” మరదలు వాటిని ఫోనులో చదివి వినిపించేది. ఆయన దారం ఎక్కిస్తూ వినేవాడు.

రెండు పడవల ప్రయాణం ఎంతకాలం సాగుతుంది? దుకాణంలో కళ్లు మూతలు పడేవి. ఒకాయన ప్యాంటుకి ఒక కాలు పొట్టిగా, ఒక కాలు పొడుగ్గా కుట్టి ఇచ్చాడు. సూపర్‌వైజరు కిందికొచ్చి, “అన్నా, ఆయనకి రెండు కాళ్లూ సమానంగానే ఉన్నాయి, నేను చూశాను” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ రెండోసారి నవ్వలేదు.

ఇంట్లో పంచాయతీ జరిగింది. మరదలు మానేయమంది. భార్య వద్దంది.

“నెల జీతం పెళ్లాం లాంటిదే. సణుగుతుంది, కానీ పొద్దున్నే టీ ఇస్తుంది. ఈ ఆర్డర్లు చుట్టాల్లాంటివి. వస్తే అందరూ ఒకేసారి ఊడిపడతారు, లేకపోతే మొహం కూడా చూపించరు.”

“అక్కా, ఎప్పుడూ చెడే ఎందుకు ఆలోచిస్తావు?”

“నీకేమే, నువ్వు ఏసీ గదిలో కూర్చుని టకటకా కొట్టేస్తావు. రేపు ఏదైనా తేడా వస్తే ఈయన ఎవరి గడప తొక్కాలి?”

అప్పుడు గుండీలన్న నోరు విప్పాడు. “అక్కడ నేను లేకపోతే ప్యాంట్లు పొడుగ్గా ఉంటాయి. ఇక్కడ నేను కుట్టకపోతే ఎవరో ఒకరు నిద్రపోరు.”

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భార్య లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆమె ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

రాజీనామా ఇచ్చిన రోజు సూపర్‌వైజరు, “మళ్లీ రావాలనిపిస్తే ఈ కుర్చీ ఖాళీగా ఉండదన్నా, ముందే చెబుతున్నా” అన్నాడు. బెదిరింపుగా కాదు, ఉన్నమాటగానే. పై అంతస్తుల్లో పనిచేసే ఆడపిల్లలు వచ్చి ఆయన చేత ఒక్కొక్క గుండీ కుట్టించుకున్నారు, జ్ఞాపకంగా ఉంటుందని. ఊడనివి కూడా ఊడదీసుకుని మరీ.

తర్వాతి కాలం ఆయన జీవితంలో మంచి కాలం. పడకగది పనిగది అయింది. మంచం ముందు గదిలోకి జరిగింది. కిటికీ పక్కన మిషను, గోడ పొడుగునా అరలు, ఒక్కో అరలో ఒక్కో సంచీ. సైటు వాళ్ల కొరియరే కొన్నవాళ్ల ఇంటికి వెళ్లి బట్ట తీసుకుని, నంబరు చీటీ అంటించి, ఇక్కడికి తెచ్చిచ్చేది. కుట్టడం అయ్యాక ఆయన ఫోనులో నొక్కితే గీతలగీతల చీటీ ఒకటి అచ్చయ్యేది. దాన్ని పెట్టె మీద అంటిస్తే, ఎవరికి చేరాలో ఆ గీతలకే తెలుసు. కొన్నవాళ్ల చిరునామా, ఫోన్ నంబరు అమ్మేవాళ్లకి కనిపించవు. ఏ మాటైనా సైటులోని మెసేజీల్లోనే. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటే దుకాణం మూసేస్తామని నిబంధన.

“నంబరుతో ఎలాగే? కనీసం ఊరి పేరైనా ఉండాలి కదా” అని ఆయన మొదట్లో అడిగాడు.

“అన్నీ సైటులో భద్రంగా ఉంటాయి బావా. నీ అరల్లో కంటే భద్రంగా” అంది మరదలు. నిజమే అనుకుంది ఆమె. ఆయన ఎవరి నంబరూ అడగలేదు. నిబంధన అంటే ఆయనకి గౌరవం.

ఒకరోజు పొద్దున చీటీ అచ్చు తీయబోతే ఫోనులో సైటు లోపలికి వెళ్లనివ్వలేదు. తెర మీద ఎర్రటి అక్షరాలు. చదివాడు. మళ్లీ చదివి భార్యకి ఇచ్చాడు. ఆమె బేకరీకి బయల్దేరుతున్నదల్లా గుమ్మంలోనే ఆగి పైకి చదివింది.

“మానవ అవశేషాలు, శరీర భాగాల అమ్మకాన్ని నిషేధించే నిబంధనను ఉల్లంఘించినందున మీ దుకాణం మూసివేయబడింది.”

ఆమెకి ముందు నవ్వొచ్చింది. “శరీర భాగాలా? మీరేం అమ్మారండీ, కిడ్నీలా?” ఆయన మొహం చూసి నవ్వు ఆపేసింది.

మరదలు సెలవు పెట్టి వచ్చింది. తన రాతలూ, కొన్నవాళ్ల రాతలూ గుర్తు చేసుకుంటూ కూర్చుంది. “నాన్న చెయ్యి దొరికింది, అమ్మ భుజం, చెయ్యి కొయ్యకుండా... ఇవన్నీ కలిపి ఏ మిషనో చదివినట్టుంది బావా. మనిషి చదివితే ఇలా అనుకోడు. మనిషి కంట పడితే చాలు, తెరిచేస్తారు.”

ఆ మనిషి ఎక్కడున్నాడన్నదే దొరకలేదు. సహాయం అన్నచోట నొక్కితే ఒక డబ్బా తెరుచుకునేది. అందులో రాస్తే జవాబు వెంటనే వచ్చేది, అంత వెంటనే రావడమే అనుమానంగా ఉండేది. మరదలు ఒక జవాబు చదువుతూ చదువుతూ ఆగిపోయింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

“ఏమైందే?” అంది అక్క.

“‘మీకు కలిగిన అసౌకర్యాన్ని మేము అర్థం చేసుకోగలం.’ ఇది నేను రోజూ పంపే వాక్యమే అక్కా. అక్షరం తేడా లేదు. మీట నొక్కితే వెళ్లిపోతుంది. అవతలివాళ్లు ఏం రాశారో నేను చదవను కూడా చదవను.”

గుండీలన్న ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆయనకి కోపం రాలేదు. వస్తే ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు.

నాలుగు రోజుల్లో సర్దుకుంటుందనే నమ్మకంతో చేతిలో ఉన్న పని మాత్రం ఆపలేదు. దుకాణం తెరిచేసరికి అన్నీ సిద్ధంగా ఉంటే ఒకేసారి పంపేయొచ్చు. ఎవరికీ ఆలస్యం కాకూడదు. ఆ రోజుల్లో మొదలుపెట్టినవాటిలో ఒక ఆకుపచ్చ ఉన్ని స్వెటరు ఉంది. అల్లిన బట్ట కోస్తే పోగులు జారిపోతాయి; అందుకని కోతకు ముందే గీత పొడుగునా రెండు వరసల కుట్టు వేసి, ఆ తర్వాతే కత్తెర పెట్టాడు. చేతులు ముట్టుకోలేదు.

దుకాణం తెరుచుకోలేదు. చివరికి ఆయనే బయల్దేరాడు. సైటు వాళ్ల కార్యాలయం ఊరి అవతలి చివర, అద్దాల మేడలో. మంచి చొక్కా వేసుకుని, ఒక ఏనుగును కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకుని వెళ్లాడు. చూపిస్తే అర్థమవుతుందనుకున్నాడు. చూడనే చూడనివాళ్లకి చూపించడం ఎలాగన్నది దారిలో తోచలేదు.

కింద బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది.

“అమ్మకందార్ల విషయాలన్నీ ఆన్‌లైన్‌లోనే సార్.”

“ఆన్‌లైన్‌లోనే తలుపేసేశారమ్మా.”

“అయితే అప్పీలు పెట్టుకోండి సార్. మీ అకౌంటులోకి వెళ్తే ఎడమ పక్కన ఉంటుంది.”

“అకౌంటులోకే వెళ్లనివ్వడం లేదు.”

అమ్మాయి తన కంప్యూటరు వైపు చూసింది. నిజంగానే ఏదైనా చెయ్యాలని చూసింది. రెండు మూడు చోట్ల నొక్కింది. గొంతు తగ్గించి, “నాకు కూడా పైకి ఫోన్ చెయ్యడానికి నంబరు లేదు సార్. నేను కంపెనీ మనిషిని కాదు, బిల్డింగు మనిషిని. వాళ్లు కిందికి రావడం నేను పెద్దగా చూడలేదు కూడా” అంది.

ఆయన ఏనుగును బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. ఆ అమ్మాయి తొండం పట్టుకుంది. చేత్తో నిమిరింది. “చాలా బాగుంది సార్” అంది. అంతకుమించి ఆమె చెయ్యగలిగింది లేదు. కాసేపటికి ఆయన దాన్ని మళ్లీ కాగితంలో చుట్టుకున్నాడు.

తిరిగొచ్చాక ఇంకో సందేశం వచ్చింది. మీ విన్నపాన్ని క్షుణ్ణంగా పరిశీలించాం, ఇదే తుది నిర్ణయం. ఆయన ఏ విన్నపమూ పెట్టలేదు. పెట్టే దారే లేదు. మరదలు పట్టు వదలక అక్క పేరుతో కొత్త దుకాణం తెరిచింది. ఇంటి చిరునామా అదే కావడంతో సైటు పసిగట్టి రెండో రోజే దాన్నీ మూసేసింది. ఇక ఈ ఇంటి నుంచి ఎవరు ఏం అమ్మినా మూసేస్తామంది. మిగతా సైట్లలో పెడితే కొత్తవాళ్లు రావొచ్చు. కానీ అరల్లో ఉన్న సంచీలు పాతవాళ్లవి. ఎవరివో చెప్పే మెసేజీలన్నీ ఆ మూసిన తలుపు వెనకే ఉండిపోయాయి. సంచీల మీద నంబర్లున్నాయి. కొరియరు ఆఫీసుకు వెళ్తే వాళ్లు ఆ నంబర్లు చూసి, “ఇవి సైటు నంబర్లు సార్, సైటునే అడగాలి” అన్నారు.

పెద్దాయన వచ్చింది ఆ తర్వాతే. మధ్యాహ్నం వేళ. తలుపు తీస్తే ఎదురుగా బట్టతల, చేతిలో గొడుగు, ఆయాసం.

“బొమ్మలు కుట్టేది నువ్వేనా?”

“నేనేనండీ. లోపలికి రండి.”

“కూర్చోడానికి రాలేదు. మా ఆవిడ స్వెటరు ఇచ్చెయ్. ఎన్ని మెసేజీలు పెట్టించానయ్యా నా మనవరాలి చేత! ‘ఈ దుకాణం అందుబాటులో లేదు’ అని వస్తోంది. డబ్బు ఎటుపోయినా పోనీ, బట్ట పట్టుకుని పారిపోతావా? మా ఇంటికొచ్చిన కొరియరు కుర్రాణ్ణి బతిమాలి బతిమాలి, ఏ పేటకి తెచ్చాడో కనుక్కుని, వీధి వీధీ అడుక్కుంటూ వచ్చాను.”

“నేను పారిపోలేదండీ. దుకాణమే నన్ను వదిలేసి పోయింది.”

భార్య ఆవేళ ఇంట్లోనే ఉంది. మంచినీళ్లు ఇచ్చి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. పెద్దాయన విన్నాడు. కోపం తగ్గాక మనిషి ఇంకా చిన్నగా కనిపించాడు. కుర్చీలో కూర్చున్నాడు.

“సరేనయ్యా. నీ తప్పేం లేదంటావు. ఏ రంగు అని అడగవేం? ఆకుపచ్చ. చేతి అల్లిక.”

గుండీలన్న కదల్లేదు. భార్యకి అర్థమైంది. ఆమె కూడా కదల్లేదు.

“బొమ్మ నా ఆలోచన కాదు” అన్నాడు పెద్దాయన. “మనవరాలు పంపిద్దామంది, సరే అన్నాను. పంపిన మర్నాడే నా ప్రాణం ఊరుకోలేదు. కుర్చీ వీపు మీద ఎప్పుడూ ఉండేది అది. అక్కడ లేకపోతే గదిలోకి వెళ్లలేకపోయాను. వద్దు, కొయ్యొద్దు, తిరిగి పంపెయ్యండి అని మెసేజి పెట్టించాను. అదే వెళ్లలేదు.”

గుండీలన్న పనిగదిలోకి వెళ్లి బల్ల మీద ఉన్నవన్నీ ఒక తెల్ల గుడ్డలో పెట్టి తీసుకొచ్చాడు. రెండు చేతులు, చెక్కుచెదరకుండా. అర్ధచంద్రాల్లా కోసిన వీపు ముక్కలు. చెవుల కోసం తీసిన మెడపట్టీ. పెద్దాయన ముందు చేతుల్ని చూశాడు. తర్వాత మిగతావి చూశాడు.

“ఇప్పుడే కూర్చుని పూర్తి చేసి ఇస్తానండీ. సాయంత్రంలోపు అయిపోతుంది” అన్నాడు గుండీలన్న. ఆ గొంతు భార్య ఎప్పుడూ వినలేదు.

“బొమ్మ వద్దయ్యా.”

“పోనీ మళ్లీ స్వెటరులా కలపడానికి చూస్తాను. అతుకులు కనిపిస్తాయి, అయినా...”

“తొడుక్కునే మనిషి లేదు కదా. నాకు కావలసింది అది ఎలా ఉందో అలా ఉండటమే.” పెద్దాయన ముక్కల్ని ఒక్కొక్కటే మడవబోయాడు. అవి మడతకి లొంగే ఆకారాలు కావు. గుండీలన్న పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒకదాని మీద ఒకటి పేర్చి, చేతుల్ని పైన అడ్డంగా వేసి, గుడ్డ నాలుగు మూలలూ ముడి వేశాడు.

“అంచులకి కుట్టు వేసే ఉందండీ. పోగులు జారవు” అన్నాడు. చెప్పగలిగింది అదొక్కటే మిగిలింది.

“మంచిపని చేశావు” అన్నాడు పెద్దాయన. వ్యంగ్యం లేదు ఆ మాటలో. గొడుగు మర్చిపోయి మెట్లు దిగుతుంటే భార్య పరుగెత్తి ఇచ్చి వచ్చింది.

ఆ తర్వాత ఆయన అరల్లోని బట్టల మీద కత్తెర పెట్టలేదు. మరదలు ఉద్యోగం నుంచి రాగానే ఇంటర్నెట్టంతా జల్లెడ పట్టేది. దొంగ దుకాణం, మా అన్నయ్య చొక్కా కాజేశారు అని తిట్టిన వాళ్లలో ఇద్దరు దొరికారు. తిట్టినందుకు వాళ్లకి దండం పెట్టుకుంది. ఇద్దరికీ బట్టలు చేరాయి. ఒకామె క్షమించమని రాసింది. రెండో ఆయన ఏమీ రాయలేదు. తిట్టనివాళ్లు ఎవరో, ఊరుకుని ఏడ్చినవాళ్లు ఎవరో తెలిసే దారి లేకపోయింది.

“పోనీ మిగిలినవి కుట్టేసి పెట్టండి. ఎప్పుడైనా ఎవరైనా వెతుక్కుంటూ వస్తే చేతిలో పెట్టొచ్చు” అంది భార్య ఒకరోజు.

“వాళ్లలో ఎవరు వద్దన్నారో నాకు తెలియదు కదా.”

ఆమె గిన్నెలు కాస్త గట్టిగా తోమింది.

ఇంకొకటి ఆయన్ని తినేసేది. బట్ట ఎంత జాగ్రత్తగా ఉంచినా వాసన నిలవదు. ఉతక్కుండా పంపమన్నది తనే. గాలి చొరని సంచీలు కొని ఒక్కొక్కటీ అందులో పెట్టి మూతి బిగించాడు. లోపల ఎలా ఉందో చూడాలంటే విప్పాలి. విప్పితే ఉన్నది కాస్తా పోతుంది. అందుకని విప్పేవాడు కాదు. సంచీ మీద చెయ్యి వేసి ఊరుకునేవాడు.

పాత దుకాణానికి ఒకసారి వెళ్లాడు. సూపర్‌వైజరు లేచి నిలబడి టీ తెప్పించాడు. కుర్చీలో ఇంకొకరు ఉన్నారు. సూపర్‌వైజరు అప్పట్లో చెప్పినట్టే జరిగింది. చివరికి యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో పని దొరికింది. ముక్కకి ఇంత అని కూలి. అక్కడ ఒక్కొక్కరూ ఒక్కో భాగమే కుట్టాలి, ఈయనకి వచ్చింది కాలర్లు. పొద్దున్నించి సాయంత్రం దాకా కాలర్లు, ఒకే నీలం, ఒకే సైజు. అక్కడ ఎవరూ ఆయన్ని గుండీలన్న అనలేదు. గుండీలు వేరే మిషను కుట్టేది.

ఆ కూలితో పాత ఇల్లు నిలుపుకోలేక చిన్న వాటాకి మారాల్సి వచ్చింది. ఒకటే గది, ఒక వంటిల్లు, గోడలో ఒక అలమార. సామాను మోసే మనిషి సంచీలు చూసి, “ఇవి పాతబట్టలేగా సార్, బండిలో అడుగున పడేయనా?” అన్నాడు.

“వద్దు బాబూ. అవి నేను పట్టుకుంటాను” అంది భార్య. గుండీలన్న కాదు, ఆమె. రెండు విడతలుగా ఒళ్లో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్లింది.

కొత్త వాటా గోడల్లో చెమ్మ ఉంది. చెమ్మ తగలని చోటు ఆ అలమార ఒక్కటే. ఇద్దరూ మాట్లాడుకోకుండానే సంచీలన్నీ అందులో సర్దేశారు, నంబర్లు బయటికి కనిపించేలా. తలుపు వేశాక చూస్తే తమ బట్టలు పెట్టుకోవడానికి ఎక్కడా చోటు లేదు. ఆమె వాటిని మడిచి కుర్చీల మీద పెట్టింది. ఎవరైనా వస్తే తీసి మంచం మీద వేస్తుంది, వాళ్లు వెళ్లాక మళ్లీ కుర్చీల మీదికి చేరుస్తుంది.